“మీ ఇష్టం సార్” అన్న మాటను అంగీకారంగా రాసుకోవచ్చునా?

అడిగినవారు: విశ్రాంత లెక్కల టీచరు, విజయనగరం

సభ్యులందరికీ నమస్కారం. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో ముప్పై ఒక్క సంవత్సరాలు లెక్కలు చెప్పి నాలుగేళ్ల క్రితం పదవీ విరమణ చేశాను. అప్పటి నుంచి ఒక మగపిల్లల సంరక్షణ గృహంలో వారానికి మూడు సాయంత్రాలు చదువు చెబుతున్నాను. ఆ గృహం ఎవరిదో, ఉత్తరాంధ్రలో ఏ జిల్లాలో ఉన్నదో చెప్పను; పిల్లవాడిని గుర్తుపట్టడానికి వీలున్న వివరాలను కూడా కొంత మార్చాను. వచ్చే నెల నుంచి అక్కడి నిర్వహణ కమిటీలో సభ్యురాలిగా ఉండమని నన్ను అడిగారు. సరేనని చెప్పే ముందు, పది రోజులుగా నన్ను వదలని ఒక విషయం తెలిసినవాళ్ల ముందు పెట్టాలనుకున్నాను.

మా గృహంలో ఏడో తరగతి చదువుతున్న పన్నెండేళ్ల పిల్లవాడు ఉన్నాడు. ఊరు ఉద్దానం వైపు. తండ్రి కిడ్నీ జబ్బుతో మంచాన పడి, రెండేళ్లు డయాలసిస్ చేయించుకుని కాలం చేశాడు. వైద్యానికైన అప్పులు తీర్చడానికి తల్లి చెన్నైకి భవన నిర్మాణ పనులకు వెళ్లి, కొంతకాలం డబ్బు పంపి, ఆ తర్వాత జాడ తెలియకుండా పోయింది. అమ్మమ్మ కూడా పోయిన తర్వాత పిల్లవాడు మా దగ్గరికి, వాడి ఎనిమిదేళ్ల చెల్లెలు ఆడపిల్లలుండే బాలసదనానికి చేరారు. నెలకొకసారి, రెండో శనివారం నాడు, మా వాళ్లు వీడిని చెల్లెలి దగ్గరికి తీసుకువెళ్లి సాయంత్రానికి తిరిగి తీసుకువస్తారు. సాయంత్రం పూట ఇచ్చే బిస్కెట్లలో రోజుకొకటి చొప్పున కాగితంలో చుట్టి, ట్రంకుపెట్టె అడుగున ఆ శనివారం కోసం దాచుకుంటాడు. మెత్తబడిపోతాయిరా అంటే, దానికి మెత్తవే ఇష్టం అన్నాడు.

ఇటీవల వాడి చిన్నాన్న పిల్లవాడిని తన దగ్గర పెట్టుకుంటానని దరఖాస్తు చేసుకున్నాడు. అధికారులు ఇల్లు చూసి వచ్చి నివేదిక ఇచ్చారు. సంరక్షణ కావలసిన పిల్లల గురించి ఉత్తర్వులిచ్చే బాలల సంక్షేమ సమితి ముందు హాజరు పరిచే రోజున పిల్లవాడితో వెళ్లవలసిన మనిషి సెలవులో ఉండడంతో సూపరింటెండెంటు గారితో పాటు నేను వెళ్లాను. బల్లకు అవతల సభ్యులు, ఇవతల చిన్నాన్న, సూపరింటెండెంటు గారు, నేను, తలుపు దగ్గర తర్వాతి కేసువాళ్లు. “బాబూ, చిన్నాన్నతో వెళ్తావా?” అని అడిగారు. వాడు కాలి బొటనవేలితో గచ్చు మీద గీస్తూ చిన్నాన్న వైపు ఒకసారి, సూపరింటెండెంటు గారి వైపు ఒకసారి చూసి, “మీ ఇష్టం సార్” అన్నాడు. ప్రశ్నకూ జవాబుకూ కలిపి అర నిమిషం పట్టి ఉండదు. వాళ్లు కటువుగా మాట్లాడారని నేను అనను, ఒకావిడ చాక్లెట్ కూడా ఇచ్చారు. అయితే ఉత్తర్వులో “బాలుడు తన సమ్మతిని తెలియజేసినాడు” అని రాశారు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్కన కూర్చుని చాలాసేపటి వరకు మాట్లాడలేదు. ఊరు దగ్గర పడ్డాక, “మేడం, నానెల్లిపోతే రెండో శనివారం సెల్లి కాడికి ఎవులెల్తారు?” అని అడిగాడు.

వాడికి చిన్నాన్న ఇంటికి వెళ్లడం ఇష్టం లేదని కాదు. ఆ ఇంట్లో చిన్నమ్మ చేసే చేపల పులుసు గురించి నాకు రెండు మూడు సార్లు చెప్పినవాడే. వాడి మనసులో ఉన్న ప్రశ్న ఒకటి, మేము వాడిని అడిగిన ప్రశ్న ఇంకొకటి. వెళ్తావా, వెళ్లవా అన్న ప్రశ్నలో చెల్లెలికి చోటు లేదు కాబట్టి వాడు జవాబును మాకే వదిలేశాడని నాకు అనిపిస్తోంది. ఇప్పుడు ఉత్తర్వు వచ్చేసింది, మూడు వారాల్లో పంపుతారు. ఈ దశలో వాడి మాటను సమితి దృష్టికి తీసుకువెళ్లడానికి దారి ఉన్నదా, ఉంటే అది నా హద్దు మీరడం అవుతుందా?

దీనికి ముడిపడిన సంగతి ఇంకొకటి ఉంది. మా గృహంలో బాలల కమిటీ ఉన్నదని, నెలనెలా సమావేశం జరుగుతున్నదని రిజిస్టరు చెబుతుంది. తెరిచి చూశాను. ఏడాది పొడవునా అవే మూడు వాక్యాలు: భోజనం బాగున్నది, చదువు బాగున్నది, సమస్యలు ఏమియు లేవు. ముప్పై ఏళ్లు హోంవర్కు పుస్తకాలు దిద్దినదాన్ని, ఎవరి లెక్క ఎవరు చేశారో గుర్తుపట్టడం నాకు కష్టం కాదు. నేను కమిటీలో చేరితే ఆ రిజిస్టరు మీద సంతకం చేయవలసింది నేనే.

*

సమాధానం: న్యాయవాది, శ్రీకాకుళం

టీచర్ గారూ, ముందుగా, వివరాలు మార్చి మంచి పని చేశారు. సంరక్షణలో ఉన్న పిల్లల పేరు, ఊరు, బడి బయటపెట్టడం బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ కింద నేరం. ఆరు నెలల వరకు జైలు గానీ, రెండు లక్షల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. ఇక్కడ జవాబులు రాసేవారు కూడా దయచేసి ఊహాగానాలు చేయవద్దు.

మీ ప్రశ్నలోని అసలు చిక్కు “సమ్మతి” అన్న మాటలోనే ఉన్నది. 2015 నాటి బాల న్యాయ చట్టం 37వ సెక్షన్ ప్రకారం సమితి ఉత్తర్వు ఇచ్చేటప్పుడు సామాజిక పరిశోధన నివేదికను పరిశీలించాలి, అభిప్రాయం చెప్పగలిగినంత పరిణతి ఉన్న పిల్లల విషయంలో వారి కోరికలను లెక్కలోకి తీసుకోవాలి. చట్టం అడుగుతున్నది కోరికలను, సమ్మతిని కాదు. సమ్మతి అయితే అవును, కాదు అన్న రెండే జవాబులుంటాయి. కోరిక అంటే ఏం కావాలి, ఎవరు కావాలి, దేనికి భయం అన్నవన్నీ వస్తాయి. “సమ్మతి తెలియజేసినాడు” అని రాసినప్పుడు, పిల్లవాడు అనని మాట రాయడం ఒక లోపమైతే, చట్టం వేయమన్న ప్రశ్న వేయకుండా వేరొక ప్రశ్నకు జవాబు రాసుకోవడం అంతకన్నా పెద్ద లోపం. అదే చట్టం 3వ సెక్షన్‌లోని మౌలిక సూత్రాలలో భాగస్వామ్య సూత్రం ఒకటి: తన మేలుకు సంబంధించిన ప్రతి ప్రక్రియలోనూ, ప్రతి నిర్ణయంలోనూ తన మాట వినిపించే హక్కు పిల్లలకు ఉంటుంది, వయసును బట్టి, పరిణతిని బట్టి ఆ మాటకు విలువ ఇవ్వాలి. ఇది మన వాళ్లు కొత్తగా కనిపెట్టినది కాదు. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో 12వ అధికరణం ఇదే చెబుతుంది. మన దేశం ఆ ఒడంబడికలో 1992 డిసెంబరు 11న చేరింది.

అయితే, సమితి నిర్ణయం తప్పని మీరు అనడం లేదు, నేనూ అనను. కుటుంబం దగ్గర పెరగడమే మొదటి దారి, సంస్థలో ఉంచడం చిట్టచివరి దారి అని కూడా అదే 3వ సెక్షన్ చెబుతుంది. చిన్నాన్న ముందుకు రావడం మంచి మాటే. కాబట్టి అప్పీలుతో మొదలుపెట్టవద్దని నా సలహా. ముప్పై రోజుల్లోగా బాలల న్యాయస్థానానికి అప్పీలు చేసుకునే వీలు 101వ సెక్షన్ కింద ఉన్నది, సమితి పనితీరు మీద బాధిత బాలుడే నేరుగా జిల్లా కలెక్టరుకు ఫిర్యాదు చేసుకునే వీలును 2021 సవరణ కల్పించింది. అవి చేతిలో ఉన్నాయని తెలిసి ఉంటే చాలు. పిల్లవాడు కోరుతున్నది ఉత్తర్వు రద్దు కాదు గనుక, అప్పీలు వేస్తే చిన్నాన్న మనసు విరిగి అసలుకే మోసం వస్తుంది.

చేయవలసిన పని చిన్నది. ప్రతి పిల్లవాడికీ వ్యక్తిగత సంరక్షణ ప్రణాళిక ఉండాలి. ఇంటికి పంపేటప్పుడు ఆ తర్వాతి బాగోగులు ఎవరు, ఎప్పుడెప్పుడు చూస్తారన్నది అందులో రాస్తారు. చెల్లెలితో నెలనెలా కలయిక అన్నది ఆ ప్రణాళికలో ఒక అంశంగా, ఎవరు తీసుకువెళ్తారు, దారి ఖర్చు ఎవరిది అన్న వివరాలతో సహా చేర్చమని సూపరింటెండెంటు గారి ద్వారా సమితికి ఒక అర్జీ పెట్టండి. అందులో పిల్లవాడి మాటను మీ భాషలోకి మార్చకుండా, బస్సులో ఎలా అన్నాడో అలాగే రాయండి. తోబుట్టువులను విడదీయకూడదు, విడదీయక తప్పకపోతే వారి మధ్య రాకపోకలు నిలబెట్టాలి అని ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ 2009 డిసెంబరులో ఆమోదించిన ప్రత్యామ్నాయ సంరక్షణ మార్గదర్శకాలు చెబుతున్నాయి. అదీ ఒక వాక్యంగా చేర్చవచ్చు. ఇందులో మీరు హద్దు మీరినట్టు ఏమీ లేదు. సహాయం కావాలంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. 1987 నాటి చట్టం ప్రకారం పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు.

ఒక సందేహం మాత్రం నన్ను తొలుస్తోంది. చిన్నాన్న పిల్లవాడిని ఒక్కడినే తనతో పంపమని ఎందుకు అడిగాడు? చెల్లెలి సంగతి ఆ గదిలో ఎవరైనా ఎత్తారా? కారణం డబ్బే అయితే, మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకం కింద స్పాన్సర్‌షిప్ పేరుతో పిల్లవాడికి నెలకు 4,000 రూపాయలు ఇచ్చే ఏర్పాటు ఉన్నది. గ్రామాల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000 రూపాయలు దాటకూడదన్న నిబంధన ఉంది. జిల్లా బాలల సంరక్షణ విభాగంలో అడగండి.

*

సమాధానం: ఎలక్ట్రీషియన్, విశాఖపట్నం (స్వగ్రామం చీపురుపల్లి దగ్గర)

మేడం గారికి నమస్కారం. నేను ఎనిమిదేళ్ల వయసు నుంచి పద్దెనిమిది నిండే వరకు ఇలాంటి గృహాల్లోనే పెరిగాను. న్యాయవాది గారు చెప్పిన సెక్షన్లు నాకు అప్పుడు తెలియవు. “మీ ఇష్టం సార్” అన్న మాట మాత్రం బాగా తెలుసు, నేను కూడా ఎన్నోసార్లు అన్నాను. దాని అర్థం బయటివాళ్లకు తెలియదు గనుక చెబుతాను. “ఇప్పుడు నేను ఏదన్నా అంటే, మీరు వెళ్లిపోయాక రాత్రికి నేను ఈ సార్‌తోనే ఉండాలి” అని దాని అర్థం. ఒక్కొక్కసారి, “నేను ఏమన్నా మీరు చేసేదే చేస్తారు కదా” అని కూడా అర్థం. ఏ అర్థంతో అన్నా అది ఒప్పుకోవడం కాదు.

మీ రిజిస్టరు గురించి చదివినప్పుడు నవ్వు వచ్చింది, బాధా కలిగింది. మా గృహంలో సూచనల పెట్టె ఉండేది. దానిని ఆఫీసు గది గుమ్మం పక్కన, సూపరింటెండెంటు గారి కుర్చీకి సరిగ్గా ఎదురుగా బిగించారు. చీటీ వేయాలంటే ఆయన చూస్తుండగా వేయాలి. తాళం చెవి ఆయన దగ్గరే. చీటీ మీద పేరు రాయనక్కరలేదని చెప్పారు గానీ, ఇరవై ఆరు మంది పిల్లల చేతిరాతలు ఆయనకు కంఠతా వచ్చు. మూడేళ్లలో ఆ పెట్టెలో పడినవి రెండు చీటీలు, ఒక బల్లి గుడ్డు. చీటీలలో ఒకటి, సార్ చాలా మంచివారు అని.

తర్వాత వచ్చిన వార్డెనమ్మ ఆ పెట్టెను పీకించి, మేము స్నానాలకు వెళ్లే దారిలో, దుప్పట్లు ఆరవేసే గోడకు బిగించింది. అయినా ఇరవై రోజులు ఎవరూ ఏమీ వేయలేదు. చివరికి ఎవడో ధైర్యం చేసి, ఉప్మాలో జీలకర్ర వద్దు అని రాశాడు. ఆ ఆదివారం మమ్మల్నందరినీ కూర్చోబెట్టి ఆమె ఆ చీటీ చదివి, రేపటి నుంచి జీలకర్ర వేయము అని చెప్పింది, నిజంగానే వేయలేదు. ఆ వారంలో తొమ్మిది చీటీలు పడ్డాయి. పెద్ద పిల్లలు చిన్న పిల్లల చేత బట్టలు ఉతికిస్తున్నారన్నది అందులో ఒకటి. అంతకన్నా పెద్ద విషయం, నేను ఇక్కడ రాయలేనిది, రెండు నెలల తర్వాత పడింది. జీలకర్ర చీటీని ఆమె నవ్వి చెత్తబుట్టలో వేసి ఉంటే ఆ పెద్ద విషయం రాసిన చీటీ ఎప్పటికీ పడేది కాదని నేను ఈరోజుకీ అనుకుంటాను. చిన్న మాట ఏమైందో చూసిన తర్వాతే పిల్లలు పెద్ద మాట బయటపెడతారు.

కాబట్టి మేడం, మీరు కమిటీలో చేరండి. చేరాక మొదటి నెలలోనే పిల్లలను కష్టాలు చెప్పమని అడగవద్దు. కూర గురించి, టీవీ సమయం గురించి, క్షవరం ఎలా చేయించాలన్న దాని గురించి అడగండి. మాకు అందరికీ ఒకటే గుండు కొట్టించేవారు; బడిలో మమ్మల్ని చూడగానే హోం పిల్లలు అని తెలిసిపోయేది. పదేళ్లలో ఒక్కరు అడిగి ఉంటే మేము మొదట చెప్పేది అదే.

ఇంకొక్క మాట. పిల్లవాడిని అడిగేటప్పుడు సూపరింటెండెంటు ఆ గదిలో ఉండకూడదు. ఎంత మంచివాడైనా ఉండకూడదు.

*

సమాధానం: బాలల సంక్షేమ సమితి మాజీ సభ్యురాలు

బల్లకు అవతల మూడేళ్లు కూర్చున్న మనిషిగా రాస్తున్నాను. ఏ జిల్లా అన్నది ముఖ్యం కాదు. టీచర్ గారు వర్ణించిన గది నాకు పరిచయమైన గదే. అర నిమిషంలో ప్రశ్న అడిగి ముగించిన రోజులు నాకూ ఉన్నాయి. ఒక ఉదయం రైల్వే స్టేషనులో దొరికిన పిల్లలు ముగ్గురు, పోక్సో కేసులో ఒక అమ్మాయి, దత్తత కాగితాలు, తాగివచ్చిన తండ్రి ఒకడు, అందరూ బయట బెంచీ మీద ఉన్నప్పుడు పిల్లవాడు “మీ ఇష్టం” అంటే లోపల ఎక్కడో ఊరట కలుగుతుంది. ఇది సమర్థన కాదు, జరిగేది చెబుతున్నాను. చట్టం విచారణ ముగించడానికి నాలుగు నెలల గడువు ఇచ్చింది గనుక మొదటి రోజే తేల్చవలసిన అవసరం చాలా కేసుల్లో లేదని నాకు ఆలస్యంగా అర్థమైంది.

పిల్లల మాట వినాలి అనే వాళ్లు ఇంకొక వైపు కూడా చూడాలి. చిలకపలుకులు నేర్పించి తెచ్చేవాళ్లు ఉంటారు. పదేళ్ల పాప ఒకతె, “నేను బాగా చదువుకుని కలెక్టరునవుతాను, దయచేసి మా మేనమామతో పంపండి” అని ఊపిరి తీసుకోకుండా ఒప్పజెప్పింది. “దయచేసి” అన్న మాట మన ఊళ్లలో ఏ పిల్లా అనదు. ఇంకొక పాప సోమవారం ఇంటికి వెళ్లనని ఏడ్చి, గురువారం తల్లి కనిపించగానే కొంగు పట్టుకుని వదల్లేదు. ఆ రెండూ ఆ పాప నిజమైన మాటలే. అందుచేత పిల్లలు ఏది అంటే అది చేయడం మా పని కాదు. వాళ్లు అన్నదానికి భిన్నంగా నిర్ణయించినప్పుడు ఎందుకో కాగితం మీద రాయడం, అదే కారణాన్ని పిల్లలకు అర్థమయ్యేలా చెప్పడం మా పని. రెండోదాన్ని మేము చాలా తక్కువగా చేశాం. ఉత్తర్వు ప్రతి సూపరింటెండెంటు ఫైలుకు చేరుతుంది గానీ, దానిలో ఏముందో పిల్లవాడికి చదివి వినిపించేవాళ్లు ఉండరు.

నేను క్రమంగా పద్ధతి మార్చుకున్నాను. బంధువులను బయట కూర్చోమని, బల్ల వదిలేసి పిల్లతో పాటు చాప మీద కూర్చునేదాన్ని. “వెళ్తావా” అని మొదలుపెట్టేదాన్ని కాదు. అక్కడ ఉన్నప్పుడు పొద్దున్న లేచాక ఏం చేసేదానివి, నీ పక్కన ఎవరు పడుకునేవారు, ఎవరిని రోజూ చూడాలని ఉంటుంది, ఇలా అడిగేదాన్ని. ఈ చివరి ప్రశ్న వేసి ఉంటే మీ పిల్లవాడు చెల్లెలి పేరు చెప్పేవాడు. రాసేటప్పుడు, పిల్ల అన్న మాటను ఉన్నదున్నట్టు ఒక వరసలో, దాన్ని నేను ఎలా అర్థం చేసుకున్నానో కింది వరసలో రాసేదాన్ని. ఏమీ చెప్పకపోతే “ఏమీ చెప్పలేదు” అనే రాసేదాన్ని. మాట్లాడకుండా ఉండడమూ పిల్లల హక్కేనని ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల కమిటీ 2009లో ఇచ్చిన వ్యాఖ్యలో స్పష్టంగా ఉన్నది. ఆ మౌనాన్ని అంగీకారం అని రాయడమే తప్పు.

పై మిత్రుడి మాటతో ఒక్కచోట విభేదిస్తాను. సూపరింటెండెంటు ఎప్పుడూ గదిలో ఉండకూడదన్న నియమం పెట్టుకుంటే, ఆరేళ్ల పిల్ల కొత్తవాళ్ల మధ్య బిగుసుకుపోతుంది. తనకు అన్నం పెట్టే ఆయమ్మ చేయి పట్టుకుంటేనే నోరు విప్పే పిల్లలను చూశాను. ఎవరు ఉండాలో, ఎవరు వెళ్లాలో ముందు పిల్లనే అడిగితే సరిపోతుంది.

భాష సంగతి ఎవరూ ఎత్తలేదు. సీతంపేట వైపు నుంచి వచ్చిన ఒక సవర పిల్లవాడిని మేము తెలుగులో అడిగాం, వాడు తల ఊపాడు, మేము రాసుకున్నాం. వారం తర్వాత వాళ్ల ఊరి అంగన్వాడీ కార్యకర్త వచ్చి సవరలో మాట్లాడితే, మేము అడిగింది వాడికి సగం కూడా అర్థం కాలేదని తెలిసింది. సవర పిల్లలకు చదువు చెప్పడానికి తానే సవర నేర్చుకుని, ఆ భాషలో వాచకాలు రాసిన గిడుగు రామమూర్తి పంతులు గారు పుట్టిన పర్వతాలపేట మన శ్రీకాకుళం దగ్గరే. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం అని దండలు వేస్తాం. ఆ పిల్లవాడి ముందు కూర్చున్నప్పుడు నాకు ఆ దండలు గుర్తుకు వచ్చి తల వంచుకున్నాను. దుబాసీల జాబితా జిల్లా బాలల సంరక్షణ విభాగం దగ్గర ఉండాలి. సవర, ఒడియా తెలిసినవాళ్లు అందులో ఉన్నారో లేదో మీలాంటివారు వెళ్లి అడిగితే బాగుంటుంది.

*

సమాధానం: సోషల్ వర్కర్, ఇంగ్లండ్ (సొంత ఊరు బొబ్బిలి)

ఇక్కడి పద్ధతి ఒకటి పోలిక కోసం చెబుతాను, ఇదే గొప్ప అని కాదు. ఇంగ్లండులో స్థానిక ప్రభుత్వ సంరక్షణలో ఉన్న ప్రతి బిడ్డకూ స్వతంత్ర సమీక్షాధికారి ఒకరు ఉంటారు. ఆ బిడ్డ కేసు చూసే సోషల్ వర్కరు వేరు, ఈయన వేరు. కొన్ని నెలలకొకసారి జరిగే సమీక్షకు ముందు ఈయన బిడ్డతో విడిగా మాట్లాడాలి. ఏ నిర్ణయం తీసుకున్నా ముందు బిడ్డ కోరికలు తెలుసుకోవాలని 1989 నాటి ఇక్కడి బాలల చట్టం చెబుతుంది. ఇన్ని ఉన్నా, సోషల్ వర్కర్లు తరచూ మారిపోవడం వల్ల చెప్పిన కథే మళ్లీ మళ్లీ చెప్పలేక విసిగిపోయామని పిల్లలు నాతోనే అంటారు. మీ పిల్లవాడికి ప్రతి వారం వచ్చే ఒక టీచరు ఉన్నారు. మీరు ఆ కమిటీలో ఎంతకాలం ఉంటారన్నది, అక్కడ ఏం మాట్లాడతారన్న దానికంటే తక్కువ విషయం కాదు.

*

మళ్లీ న్యాయవాది, శ్రీకాకుళం

రిజిస్టరు సంగతి నేను వదిలేశాను. 53వ సెక్షన్ ప్రకారం ఆరేళ్లు దాటిన పిల్లలున్న ప్రతి సంస్థలో బాలల కమిటీలు ఏర్పడేలా చూడవలసిన బాధ్యత ఇన్‌చార్జి అధికారిది. కేంద్రం 2016లో ఇచ్చిన మాదిరి నియమాలు ఆరు నుంచి పది, పదకొండు నుంచి పదిహేను, పదహారు నుంచి పద్దెనిమిది ఏళ్ల వాళ్లకు వేర్వేరుగా మూడు కమిటీలు ఉండాలంటాయి, అవి పూర్తిగా పిల్లలతోనే ఉండాలంటాయి. దినచర్య, భోజన పట్టిక తయారు చేయడంలోనూ వాళ్లకు పాత్ర ఉంది, కాబట్టి జీలకర్ర కూడా చట్టం పరిధిలోకి వచ్చే విషయమే. సూచనల పెట్టెను ఆఫీసుకు దూరంగా, పిల్లలు ఉండే గదులకు దగ్గరగా పెట్టాలని, తాళం చెవి నిర్వహణ కమిటీ అధ్యక్షుల దగ్గర ఉండాలని ఆ నియమాలలోనే ఉన్నది. మన ఎలక్ట్రీషియన్ తమ్ముడు చెప్పిన వార్డెనమ్మ నియమాలు చదివి చేసిందో, తన తెలివితో చేసిందో గానీ చేసింది మాత్రం సరైన పని. టీచర్ గారూ, పిల్లలు స్వయంగా రాయని పేజీ మీద సంతకం చేయవద్దు. ఖాళీ పేజీ అయితే ఖాళీగానే ముందుకు పంపండి.

*

అడిగినవారు: విశ్రాంత లెక్కల టీచరు, విజయనగరం

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. జరిగింది చెబుతాను.

అర్జీ పెట్టాం. సూపరింటెండెంటు గారు మొదట ఇబ్బంది పడ్డారు, ఉత్తర్వు మీద మళ్లీ రాస్తే సమితివారు తప్పుగా అనుకుంటారేమోనని. ఉత్తర్వు మార్చమనడం లేదు, ప్రణాళికలో ఒక వాక్యం చేర్చమంటున్నాం అని చెప్పాక సంతకం పెట్టారు. సమితి పిల్లవాడిని మళ్లీ పిలిచింది. ఈసారి చిన్నాన్నను కాసేపు బయట ఉండమన్నారు. ఎవరు ఉండాలి అని అడిగితే పిల్లవాడు నా వైపు చూపించాడు. ఎవరిని రోజూ చూడాలని ఉంది అని నేనే అడిగాను, మాజీ సభ్యురాలి గారి ప్రశ్న దొంగిలించి. చెల్లెలి పేరు చెప్పాడు, ఆ తర్వాత చాలాసేపు మాట్లాడాడు. చిన్నాన్న ఇంటి దగ్గర బడికి వెళ్లాలంటే జీడితోటల మధ్య నుంచి ఒంటరిగా నడవాలని, పాములంటే భయమని కూడా చెప్పాడు. ఆ సంగతి నాకే తెలియదు.

చెల్లెలిని కూడా తనతో పంపమని ఎందుకు అడగలేదన్న న్యాయవాది గారి సందేహాన్ని చిన్నాన్న ముందు పెట్టాం. తన ఇద్దరు కూతుళ్లు, రెండు గదుల ఇల్లు, జీడిపిక్కల బట్టీలో కూలి అని చెప్పి, ఇద్దరినీ తెచ్చుకుంటే ఎవరికీ కడుపు నిండదేమోనని మౌనంగా ఉండిపోయానన్నాడు. స్పాన్సర్‌షిప్ దరఖాస్తు పెట్టించాం. అది తేలే వరకు పాప బాలసదనంలోనే ఉంటుంది. వస్తుందో రాదో ఇప్పుడే చెప్పలేమని పిల్లవాడికి కూడా చెప్పాం. ముఖం చిన్నబుచ్చుకున్నాడు గానీ, ఎప్పుడు తెలుస్తుంది అని అడిగాడు.

నిన్న సాయంత్రం సంరక్షణ ప్రణాళిక చిత్తుప్రతి తీసుకుని పిల్లవాడి పక్కన కూర్చుని చదివి వినిపించాను. రెండు చోట్ల ఆపాడు. చెల్లెలి వయసు ఏడు అని పడింది, ఎనిమిది అని నా పెన్ను తీసుకుని తానే దిద్దాడు. “ప్రతి నెల రెండవ శనివారం” అన్న చోట, ఆ రోజు చిన్నాన్నకు పని ఉంటే ఎలాగ అని అడిగి, “పని ఉన్నచో మరునాడు ఆదివారం” అని చేర్చమన్నాడు. చేర్చాం.